మొదటి ముద్ద చిట్టిది

మే 12
స్కాన్ వచ్చింది. అన్నయ్య కూతురు చిట్టి మెదడులో ఒక తిత్తి, తిత్తిలో ఒక చుక్క. డాక్టర్ వేలు పెట్టి చూపించకముందే గుర్తుపట్టాను. ఇరవై ఏళ్ళుగా కాలేజీ బోర్డు మీద గీస్తున్న చుక్క అది. బద్దెపురుగు పిల్ల. పంది కండలో ఉండవలసింది తొమ్మిదేళ్ళ పిల్ల తలలో ఉంది.

డాక్టర్: "భయం లేదు, మందులున్నాయి. మూర్ఛ బిళ్ళలు మాత్రం ఆపకండి. ఇంట్లో అందరూ మల పరీక్ష చేయించుకోండి."

అన్నయ్య ఎగిరిపడ్డాడు — "మాకెందుకండీ? వైశ్యులం. గుడ్డైనా ముట్టం!"

నేను పక్కనే ఉన్నాను. అవునన్నట్టు తలూపాను.

మే 13
వదిన కళ్ళు వాచిపోయాయి. "సూరిబాబూ, నువ్వు ఆ పాఠాలే సెప్తావు కదా. పంది తిననోళ్ళకి పంది పురుగెలాగొచ్చింది?"

చిట్టి డ్రాయింగు పుస్తకంలోనే గీసి చెప్పాను. సరిగ్గా ఉడకని పంది మాంసం తిన్నవాడి పేగులో పురుగు పెరుగుతుంది. నోరుండదు, పేగుండదు, మనం తిన్నది ఒంటితోనే పీల్చుకుంటుంది. మీటర్ల పొడవున్నా మనిషికి తెలియదు. గుడ్లు దొడ్డికి వచ్చి, సరిగ్గా కడగని చేతి గోళ్ళ కింద ఉండిపోతాయి. ఆ చేత్తో అన్నం పెడితే, గుడ్డు పగిలి, తిన్నవాళ్ళ పేగు తొలుచుకుని పురుగు పిల్ల నెత్తుట్లో పడుతుంది. తలకెక్కుతుంది. పంది తిన్నవాడికి పురుగు, వాడి చేతి అన్నం తిన్నవాళ్ళకి తిత్తి.

ఎంత బాగా చెప్పానో! వదిన పెరట్లోకి చూసింది. అక్కడ నూకాలు గిన్నెలు తోముతోంది.

"మన కూరలు అదే కదా తరుగుతాది... అది పంది తింటాదేటి?"

"తెలీదు" అన్నాను. ఆవిడ తింటుందో లేదో నాకు నిజంగానే తెలియదు. ఎవరు తిన్నారో తెలుసు.

మే 14
నూకాలును మాన్పించారు. పదకొండేళ్ళు చేసింది మా ఇంట్లో.

"నానేటి సేసినాను తల్లీ? మేం సేపలోళ్ళం. పంది పేరెత్తితే మాయమ్మ మూతి మీద కొట్టేది." తర్వాత నావైపు తిరిగింది. "సదువుకున్న బాబువి. నువ్వైనా సెప్పు."

"కొన్నాళ్ళు చూద్దాంలే నూకాలూ..."

ఛీ. గూట్లో ఉన్న తన ఆకు వక్క సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. పొడంపేటలో తమ్ముడి ఇంటికట.

మే 15
రాస్తాను. ఇక్కడైనా.

మూడు పంది ముక్కలు. రెండున్నరేళ్ళ కింద, తప్తపాణి వేడినీటి బుగ్గల దగ్గర స్టాఫు పిక్నిక్‌లో. మేమే కాల్చుకున్నాం. పైన మసి, లోపల ఎరుపు. ఆకలి, తొందర. "ఏటి శెట్టిగారూ, పప్పు తప్ప నీ నాలిక్కింకేటీ తెలీదేటి?" అని ఆటపట్టించారు. రోషం వచ్చి తిన్నాను. నచ్చింది కూడా.

ఆ తర్వాత ధైర్యం ఒకటి — నులిపురుగుల బిళ్ళ. ఏటా పిల్లలు జంకకుండా క్లాసులో అందరి ముందూ నేనే మొదట మింగుతాను. అది ఏలికపాములకి, కొంకిపురుగులకి... గుండ్రటి పురుగులకి. బద్దెపురుగు మీద ఆ ఒక్క బిళ్ళను నమ్మకూడదు. ఇది కూడా నేనే చెప్తాను, పరీక్షలో వస్తుందని.

మే 17
ఉదయం నా మలంలో చూశాను. తెల్లగా, గుమ్మడి గింజంత పురుగు ముక్కలు. రెండు, అతుక్కుని.

మే 18
కాలేజీకి సెలవులు. ల్యాబు తాళాలు నా దగ్గరే. వాచ్‌మన్ — "ఏటి సార్, సెలవుల్లో కూడానా?"

చేతి తొడుగులు, స్పిరిట్, రెండు గాజు పలకలు. ముక్కను మధ్యలో పెట్టి నొక్కాను. పురుగు గర్భాశయానికి ఒక పక్క కొమ్మలు లెక్కపెట్టాలి. ఏడు నుంచి పదమూడైతే పందిది. పదిహేను దాటితే ఆవుది, దానివల్ల మెదడుకేమీ కాదు. ఆవుది కావాలని మొక్కుకున్నాను. జన్మలో ఆవు మాంసం ముట్టనివాణ్ణి... ఏం మొక్కు అది!

తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టాను. తొమ్మిది.

మే 19
గోపాల్‌పూర్‌లో నన్నెరగని డాక్టర్ దగ్గరికి పోయాను. వేరే పేరు చెప్పాను. మందు రాశాడు. "ఇంట్లో పిల్లలున్నారా?"

"లేరు."

మే 21
"సిన్నాన్నా, ముద్దలు కలపవా?"

వేసవిలో మధ్యాహ్నం చద్దన్నం నేనే కలుపుతాను. పెరుగు, పచ్చిమిర్చి, నలిపిన వడియాలు. గిన్నె మధ్యలో పెట్టుకుని అందరి చేతుల్లో ముద్దలు పెడతాను. వదిన కలిపితే చిట్టికి నచ్చదు. మొదటి ముద్ద దానిదే, పాకే వయసు నుంచీ.

రెండున్నరేళ్ళు. ఎన్ని ముద్దలు...

చేతికి దెబ్బ తగిలిందని అబద్ధం చెప్పి కట్టు కట్టుకున్నాను. అది దగ్గరకొచ్చి కట్టు మీద ఊదింది. "తగ్గిపోతాదిలే" అంది.

మే 22
అన్నయ్యా వదినా కూడా అవే ముద్దలు తిన్నారు. వాళ్ళకీ స్కాన్ తీయించాలి. ఎందుకో చెప్పకుండా ఎలా తీయించను?

మే 24
పొడంపేట వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను.

నూకాలు ఇసకలో చేపలు ఎండేస్తోంది. నన్ను చూడగానే మొదటి మాట — "పాపెలాగుంది?" నీడలో చాప వేసింది. లోపలికి పోయి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. తనే ఆసుపత్రికి పోయి పరీక్ష చేయించుకుందట. "ఏటీ నేదని రాసినారు. సదివి సూడు బాబూ. అమ్మగారికి సూపించు."

"నూకాలూ, నేను..."

"నువ్వొక్కడివే నమ్మినావు. అందుకే ఇంత దూరం వొచ్చినావు" అని కళ్ళు తుడుచుకుంది. కాగితం జేబులో పెట్టుకుని, ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను. సిగ్గు లేని వెధవని.

మే 25
కాగితం వదిన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పింది. "ఇప్పుడు నేదని రాస్తారు. ఈలోగా దొంగతనంగా మందు మింగేసుంటాది."

అలా చేయొచ్చు. చేసినవాణ్ణి నేను.

మే 27
పొద్దున్న పళ్ళు తోముకుంటూ చిట్టి పడిపోయింది. మళ్ళీ మూర్ఛ. నురగ. నా ఒళ్ళోనే తేరుకుంది. మందులు పనిచేసేటప్పుడు ఒక్కోసారి ఇలా వస్తుందని డాక్టర్ ఫోన్లో చెప్పాడు. అన్నయ్య వినే స్థితిలో లేడు. "రేపు పొడంపేట ఎల్తాను. ఊరందరి ముందూ నిలబెట్టి అడుగుతాను దాన్ని. ఇంకే ఇంట్లోనూ దానికి పని దొరక్కూడదు."

అన్నాడంటే చేస్తాడు. మా అన్నయ్య సంగతి నాకు తెలుసు.

మే 28
ఉదయం ఏడు. కట్టు విప్పేశాను. చెయ్యి మామూలుగానే ఉంది.

బయట అన్నయ్య స్కూటర్ తుడుస్తున్నాడు. వదిన కూడా వెళ్తానంటోంది, చీర మార్చుకుంటోంది. వాకిట్లోకి వెళ్ళాలి. "అన్నయ్యా, ఆగు" అనాలి. తర్వాత ఒక్క వాక్యం. రాత్రి నుంచి అదే అనుకుంటున్నాను — పురుగు నాది, పురుగు నాది...

చిట్టి వచ్చింది. నేను రాస్తుంటే బల్ల పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"దెబ్బేది సిన్నాన్నా?"

స్కూటర్ స్టార్టయింది.