అత్తయ్య పాట, పాత స్పీకర్లు

కేంబ్రిడ్జ్, ఒంటారియో
2024 అక్టోబరు 17, గురువారం

ప్రియమైన కృపక్కకు,

నీ తోడికోడలు కరుణ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది. సస్కటూన్‌లో నువ్వూ పిల్లలూ ఆయన కాపుదలలో క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను. ఇక్కడ మాకు ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగోలేదు. ఫోన్ చేస్తే పొడిపొడిగా రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నా. చించెయ్యకుండా చివరిదాకా చదువు.

అత్తయ్య జ్ఞాపకార్థ కూడిక నవంబరు రెండున, శనివారం, మా బేస్‌మెంట్‌లోనే. ఏటా లాగే అత్తయ్య కట్టిన పాట క్యాసెట్ పెడతారు, అందరూ కళ్లు తుడుచుకుంటారు. పోయినేడు మాత్రం ఏజాక్స్ నుంచి వచ్చిన డేవిడ్‌సన్ అంకుల్, పాటలో ఒక్క మాటా తెలియట్లేదు, సువార్తమ్మ గారు దుప్పటి కప్పుకుని పాడినట్టుంది అని అందరి ముందూ అనేశారు. అది మీ మరిదికి గుచ్చుకుంది. ఏడాదంతా సణిగి సణిగి, మొన్న ఆ స్పీకర్లు బాగుచేయడానికి కూర్చున్నాడు. నీకు గుర్తుండే ఉంటాయి, ఎవరింట్లోనో పారేస్తుంటే మోసుకొచ్చిన నడుమెత్తు చెక్క పెట్టెలు. నా ఈడువి.

వాటి లోపల క్రాసోవర్ అని ఒక పలక ఉంటుందట. లావు శబ్దాన్ని పెద్ద స్పీకర్‌కీ సన్న శబ్దాన్ని చిన్నదానికీ పంచేది అదేనట. దాని మీదుండే కెపాసిటర్లు ఏళ్లు గడిస్తే ఎండిపోతాయి, అప్పుడు సన్న శబ్దం చచ్చిపోయి అంతా ముద్దగా వినిపిస్తుందట. కొత్తవి తెప్పించాడు, వీడియోలు చూశాడు, మొదలుపెట్టాడు.

ఛీ, ఆ రోత ఏం చెప్పమంటావు. పెట్టె విప్పితే లోపల ఎలుక పెంటికలు, చచ్చిన సాలీళ్లు, తడిసి మాగిన గోనెసంచి కంపు. పెద్ద స్పీకర్ చుట్టూ ఉండే ఫోమ్ కుళ్లిపోయి, ముట్టుకుంటే తారులా చేతికి అంటుకుంటోంది. అదీ మార్చాడు లే. కానీ ఆ చేత్తోనే ఫ్రిజ్ తలుపు తీశాడు, ఆ చేత్తోనే చపాతీల డబ్బా ముట్టుకున్నాడు. నేను కూరగాయలు తరుక్కునే చెక్క మీద పెట్టి సోల్డరింగ్ చేశాడు. పీకిన పాత కెపాసిటర్లు నా పెరుగు డబ్బాలో వేశాడు. మా టీనా అయితే గ్రాస్ డాడ్, ఒకటే అసహ్యం అని ముక్కు మూసుకుని పైకి పోయింది. నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు. అంతకంటే అసహ్యం ఇంకేముంటుంది అనుకున్నాను. ఉంది.

శనివారం మధ్యాహ్నం అన్నీ బిగించి క్యాసెట్ పెట్టాడు. నేను బట్టల బుట్టతో మెట్ల మీద ఉన్నాను. అక్కా, ఎంత గొంతో అది. మనిషి ఎదురుగా నిలబడి పాడుతున్నట్టే ఉంది, ప్రతి మాటా విడివిడిగా తెలుస్తోంది. మొదటి చరణంలో పాట పక్కన దగ్గు వినిపించింది. అత్తయ్య దగ్గే, నేను నిద్రలో కూడా గుర్తుపడతాను. పాట నడుస్తూనే ఉంది, దగ్గూ వస్తూనే ఉంది. దగ్గే మనిషి పాడలేదు కదా. రెండో చరణం ఎత్తుకునే ముందు అత్తయ్య గుసగుసగా, కృపా, ఊపిరి తీసుకుని అందుకోమ్మా అంది.

మీ మరిది టక్కున ఆపేశాడు. నేను బుట్ట అక్కడే పెట్టి కిందికి దిగాను. గొంతు ఆపరేషన్ అయ్యాక అత్తయ్యకి గుసగుస తప్ప మాట లేదు. అప్పుడు నువ్వే కదా వచ్చి నెలల తరబడి ఆవిడకి చాకిరీ చేశావు. నేను నర్సింగ్ హోమ్‌లో పగలంతా డ్యూటీలో ఉండేదాన్ని. నీకు పాట నేర్పిందనే నాకు తెలియదు. ఆవిడ పోయాక, ట్రంకుపెట్టెలో అమ్మ పాట దొరికిందని మీ మరిది క్యాసెట్ తెస్తే, ఆపరేషన్‌కి ముందు పాడి దాచుకుందని నమ్మి ఏడ్చాం.

అడిగితే ఏమన్నాడో తెలుసా? కొత్త కెపాసిటర్లు నాసిరకమట, గరగరమంటున్నాయట, పాతవే నయమట. సాయంత్రానికల్లా పెరుగు డబ్బాలోంచి ఆ ఎండిపోయినవాటిని ఏరుకుని మళ్లీ అతికించాడు. కొత్తవి చెత్తబుట్టలో పడేశాడు. ఎలుక పెంటికలకి రాని వాంతి దీనికి వచ్చింది. నిలదీస్తే, తనకీ ఇప్పుడే తెలిసిందని బైబిలు మీద చెయ్యి పెట్టాడు. పోయిన మనిషి పేరు పాడుచేయకు, వదిన ఎప్పుడైనా అడిగిందా అన్నాడు. పైగా ప్రార్థన చేసుకుందాం రమ్మని చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాను. సువార్తమ్మ గారి అబ్బాయి అని కదా చర్చిలో పాటల క్వయిర్ ఆయన చేతిలో పెట్టారు, ఆ దర్జా పోతుందని భయం.

మొదటి ఏడాది కూడికలో నువ్వు పాట మధ్యలో లేచి వెళ్లిపోయావు. అత్త మీద ఎంత కుళ్లో, ఆవిడ పాట కూడా వినలేకపోయింది అని నిన్ను ఆడిపోసుకున్నారు. మళ్లీ నువ్వు మా గడప తొక్కలేదు. నీ గొంతు నువ్వే విని, అందరూ ఇంకొకరిని మెచ్చుకుంటుంటే ఎలా ఊరుకున్నావు తల్లీ ఇన్నేళ్లు? నోరు విప్పి ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది? నాకు నీ మీదా కోపంగానే ఉంది. నిన్ను తలుచుకుంటే ఏడుపూ వస్తోంది.

అందుకని ఒక పని చేశాను. కొత్త కెపాసిటర్లు చెత్తలోంచి తీసి కడిగి దాచాను. టీనా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదువుతోందిగా, ఇవాళ వాళ్ల నాన్న డ్యూటీకి వెళ్లాక పాతవి పీకి ఇవి మళ్లీ వేస్తోంది. పాతవి ఈసారి దొరకవు, పీకినవి పీకినట్టే ఇందాక చెత్త బండిలో పడేశాను. నువ్వు రావాలక్కా. ముందు వరసలో, నా పక్కన కూర్చోవాలి. పాడింది ఎవరో నేనే లేచి చెబుతాను. ఆయనకి మొహం చెల్లకపోతే పైన గదిలో కూర్చోమను.

ప్రభువు ప్రేమలో,
నీ చెల్లెలు
కరుణ

తా.క. కవరు అంటించబోతుంటే టీనా కిందికి పిలిచింది. పని అయిపోయిందట, పాట అయ్యాక కూడా టేపు ఆపకుండా వదిలేసిందట. కాసేపు ఏమీ లేదు, తర్వాత అత్తయ్య గుసగుస వచ్చింది. పాడింది మా పెద్దకోడలు కృప, నేను పోయాక ఈ పాట పెడితే దాని పేరు చెప్పి పెట్టు రాజూ అంటోంది. అలాగేనమ్మా అని జవాబు చెప్పిన గొంతు మీ మరిదిదే.