మత్తు డాక్టరు అడిగిన కులం

హనుమకొండ,
జూన్ 8, ఆదివారం

చిరంజీవి తమ్ముడు నరహరికి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. నీ ఆరోగ్యం, మరదలి మోకాళ్ళ నొప్పి ఎలా ఉన్నాయో రాయి. గురువారం నీ హెర్నియా ఆపరేషన్ కాబట్టి ఈ ఉత్తరం ఇప్పుడే రాస్తున్నాను. ఫోన్లో చెబితే దుకాణంలో తూకం వేస్తూ ఆఁ ఆఁ అని మరిచిపోతావు. నా కొడుకు, అదే నీ అల్లుడు, నీ ముందు నోరు విప్పడు. అందుకే కాగితం వాడి చేతికిచ్చి ఇవాళే పంపుతున్నాను.

ముందుగా మంచి మాట. మన మనవరాలు శ్రావ్య టాన్సిల్స్ ఆపరేషన్ శుక్రవారం చక్కగా జరిగింది. ఐస్‌క్రీమ్ తింటున్నది.

పరకాల వదిలి వచ్చి ఆరు నెలలైనా కొడుకు ఇంట్లో నాకీ నాలుగో అంతస్తు అలవాటు కాలేదు. ఇక్కడ మాట్లాడే మనిషి దొరకదు కాబట్టి, దవాఖానలో డాక్టరుతో మాట్లాడడానికి నేనే ముందు కూర్చున్నాను. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వచ్చి, మీరు వైశ్యులా అమ్మా అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది.

"దవాఖానల కులమెందుకయ్యా? బిల్లు ఎక్కువెయ్యనీకా?" అన్నాను.

"బిల్లుకు కాదమ్మా, మందు మార్చనీకి," అన్నాడు.

మనవాళ్ళలో కొందరికి పుట్టుకతోనే ఒక జన్యువులో తేడా ఉంటుందట. ఆపరేషన్‌లో కండరాలు వదులు చేయడానికి ఇచ్చే ఒక మందు ఇతరులకు నిమిషాల్లో విరిగిపోతే, వీళ్ళకు గంటల తరబడి దిగదు. అంతసేపూ సొంతంగా ఊపిరి ఆడదు. శాస్త్రవేత్తలు ఇది కనిపెట్టాక ఆయన మనవాళ్ళెవరు వచ్చినా ముందే అడిగి, రక్తపరీక్ష చేయిస్తున్నాడట. శ్రావ్యకు చేస్తే ఆ తేడా ఉన్నట్టే తేలింది. వేరే మందు ఇచ్చారు.

నీకు నాయన కడుపు ఆపరేషన్ గుర్తుండే ఉంటుంది. చీకటి పడేదాకా ఊపిరి రాకపోతే, డాక్టరు పక్కన కూర్చుని రబ్బరు సంచి నొక్కుతూ బతికించాడు. మత్తు ఎక్కువిచ్చాడని అమ్మ ఆయన్ను చివరిదాకా తిట్టింది. పాపం, ఆయన తప్పేమీ లేదు.

తల్లి వైపు నుంచీ, తండ్రి వైపు నుంచీ వస్తేనే ఇలా అవుతుందట. నీ కూతురిని నా కొడుక్కు చేసుకున్నాం. శ్రావ్యకు రెండు వైపులూ మన ఇల్లే. నాయనది నీకు వచ్చే ఉంటుంది, అమ్మ వైపు నుంచి కూడా వచ్చి ఉంటే? అందుకే నీ గురించి నాకు భయం.

ఆపరేషన్ అయ్యాక శ్రావ్య కళ్ళు తెరవగానే బొంగురు గొంతుతో, "నాయనమ్మా, డాక్టర్‌తోని కొట్లాట ఒడిసిందా, ఇంకున్నదా?" అన్నది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

చిన్న ఆపరేషనే, ఫికర్ చెయ్యకు అని నాకు చెప్పవద్దు. మరదలికి, పిల్లలకు నా దీవెనలు. నువ్వు నిండు నూరేళ్ళు ఉండాలి.

మీ అక్క,
సత్యవతి

ఇక జరగవలసినవి:

1. రేపు సోమవారం దుకాణం తెరవకముందే ఈ ఉత్తరం, జతచేసిన శ్రావ్య రిపోర్టు మీ డాక్టరుకు చూపించాలి.
2. నీకూ ఆ రక్తపరీక్ష చేయించాలి. గురువారంలోగా ఫలితం రాకపోతే ఆపరేషన్ వాయిదా వేయాలా, మందు మార్చాలా అని డాక్టరునే అడగాలి. నువ్వు తేల్చవద్దు.
3. కులం అడిగితే కోపం తెచ్చుకోవద్దు. ఆ పని నేను చేశాను.
4. అల్లుడితో రెండు కిలోల పచ్చజొన్నలు పంపాలి.
5. మత్తు దిగాక నాకు నువ్వే ఫోన్ చేయాలి. ఇంకెవరు చేసినా నేను నమ్మను. నీ గొంతు వినాలి.