తీగ దూరని చోటు

కువోపియో ఆసుపత్రి నుంచి

చిరంజీవి వెన్లాకు,

అమ్మమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం మర్యాద. నేను క్షేమం. మీ తాతయ్య సంగతి కింద రాస్తాను, ముందే పేజీ తిప్పకు. ఫోనులో మాట్లాడేటప్పుడు ఆయన పక్కనే కూర్చుంటారు కనుక కొన్ని విషయాలు ఉత్తరానికి మిగిల్చాను. ఫొటోలో టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డావు. శాంతి దళంలో ఉన్నావని లెబనాన్ ఎండ నిన్ను మన్నించదు. తలమీద పెట్టుకో.

కాలిలోకి లేజరు పంపితే లోపల కాలదా అని అడిగావు. కాలదట. గజ్జ దగ్గర చిన్న రంధ్రం చేసి రక్తనాళంలోకి ముందు ఒక తీగను, దాని వెంట సన్నని గొట్టాన్ని పంపుతారు. గొట్టం కొసన వెలుగు మినుకుమంటూ, లోపల గట్టిపడిన పూడికను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. రోగి మెలకువగానే ఉంటాడు. గదిలో అందరికీ రంగు కళ్లద్దాలు పెట్టారట.

"నాకెందుకమ్మా ఇవి? సినిమా చూపిస్తారా?" అన్నారట మీ తాతయ్య.

"కదలకుండా పడుకుంటే చూపిస్తాం తాతగారూ," అందట నర్సు.

తొడలో దారి తెరుచుకుంది. మోకాలి కింద మాత్రం తీగే దూరలేదు. తీగ దూరని చోటికి గొట్టం వెళ్లలేదు. పాదం మీద పుండేమీ లేదు కదా, ప్రస్తుతానికి ఇక్కడితో ఆపుదామన్నారు డాక్టర్ సోయిని. నీతో ఫోనులో "బాగా జరిగింది" అని మీ తాతయ్య చెప్పినదాంట్లో నిజం అంతవరకే.

సిగరెట్టు మానారా అని అడిగావు. మానారు. సౌనాలో ఆవిరి స్నానం మానలేదు.

చక్కెర జబ్బు వల్ల ఆ పాదానికి స్పర్శ పోయిందనీ, వేడికి దూరంగా ఉంచమనీ ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రిలో గట్టిగా చెప్పారు. నేను మన సౌనాకు తాళం వేశాను. ఒక శనివారం ఆయన పక్కింటి కలెర్వో సౌనాకు వెళ్లారు. బీరు, పొయ్యి రాళ్లమీద రేకులో చుట్టిన సాసేజి, కబుర్లు. పాదం చల్లగా ఉందని దాన్ని పొయ్యికి దగ్గరగా జరిపారు.

"ఒరే ఆర్మాస్, సాసేజి మాడుతోందిరా!" అన్నాడట కలెర్వో మీ తాతయ్యతో.

"నీ వంటెప్పుడూ అంతేగా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. కలెర్వో రేకు విప్పి చూస్తే సాసేజి ఇంకా వేడెక్కనే లేదట.

మాడింది మీ తాతయ్య పాదం. ఆ పుండు మానడం లేదు. మానడానికి రక్తం అక్కడిదాకా రావాలి. రెండు వేళ్లు నల్లబడ్డాయి. కలెర్వో రోజూ వచ్చి గుమ్మం బయటే నిలబడి వెళ్లిపోయేవాడు. తిడదామనుకున్నాను, నోరు రాలేదు.

రేపు ఉదయం ఈసారి చీలమండ వైపు నుంచి పైకి తీగ పంపి చూస్తారు. దూరితే లేజరు. దూరకపోతే, విషం పైకి పాకకముందే మోకాలి కింద కాలు తీసేయాలి. దానికి ముందుగానే ఒప్పుకోవాలని డాక్టరు అడిగారు.

"హిల్కాను అడగండి," అన్నారు మీ తాతయ్య నన్ను చూపిస్తూ.

"కాలు మీది కదండీ," అన్నారు డాక్టరు.

"ఇల్లూ నాదే. దానికి ఏ రంగు వేయాలో ఆవిడే చెప్పింది."

డాక్టరు నవ్వలేదు. సాయంత్రం వస్తానని వెళ్లిపోయారు.

నీకు తెలుసు కదా, ఏ పడవ కొనాలో, ఏ పన్ను పీకించుకోవాలో, మీ అమ్మ ఏ బడికి వెళ్లాలో అన్నీ నేనే తేల్చాను. తేల్చుకోలేనివాళ్లంటే నాకు చిరాకు. ఇంతసేపూ రాయకుండా దాటవేసిన మాట ఇది: మంచం పక్కన కూర్చుని నోరు తెరిస్తే, "నాకు తెలియడం లేదు ఆర్మాస్" అన్న మాటే బయటికి వచ్చింది.

ఆయన బెదిరిపోయారు. రక్తనాళంలోకి తీగ పంపినప్పుడు కూడా హాస్యమాడిన మనిషి.

"అలా అనకు హిల్కా. ఏదో ఒకటి చెప్పు. తప్పయినా సరే, చెప్పు."

చేయి పట్టుకుని కూర్చున్నాను. డాక్టరు తిరిగి వచ్చాక ఆయనే "తీసేయండి" అన్నారు. డాక్టరు వైపు కాదు, నా వైపు చూస్తూ, పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా. సరిగ్గా చెప్పారో లేదో నేను చెప్పాలి. నేను తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది కనుక సలహా రాయకు. రేపు నన్ను ఆ గదిలోకి రానివ్వరు. తలుపు బయట కుర్చీ ఉంది, చూసి వచ్చాను. అక్కడ కూర్చుంటాను. అంతకంటే చేయగలిగింది నాకేమీ కనబడలేదు.

ఇట్లు,
మీ అమ్మమ్మ
హిల్కా