పన్నెండో రీలుకు ముందు పదమూడో రీలు

నేను, పొదిలి అంకయ్య, తండ్రి కీర్తిశేషులు కోటయ్య, వయస్సు డెబ్భై రెండు, వృత్తి ఒకప్పుడు సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు, ప్రస్తుతం ప్రేక్షకుడు, నివాసం ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఫ్యాను కింద కూర్చుని రాయిస్తున్న కాగితం ఇది.

తెలివి విషయంలో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. ఆయన నన్ను ఈ రోజు ఏ వారమో చెప్పమన్నాడు. శుక్రవారం అన్నాను. అని ఊరుకోకుండా ఆ రోజు విడుదలైన నాలుగు సినిమాల పేర్లూ, వాటిలో మూడింటిని సోమవారానికల్లా ఎందుకు ఎత్తేస్తారో కూడా చెప్పాను. "బస్ అంకుల్, బస్" అని, ఇక చాలన్నట్టు సంతకం పెట్టేశాడు.

ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఒకటుంది. 1994లో టైఫాయిడ్ వచ్చినప్పుడు బాల్కనీ టికెట్టు వెనక రాశాను. అది ఇందుమూలంగా రద్దు.

ఈ కాగితం రాయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. మొన్న జనవరిలో ఊపిరాడక ఆసుపత్రిలో చేరాను. ఫారంలో రోగికి ఏమవుతారు అన్నచోట సదాశివరావు "స్నేహితుడు" అని రాశాడు. నలభై రెండేళ్లుగా నాతో ఒకే ఇంట్లో ఉంటున్న మనిషిని కింద బెంచీ మీద కూర్చోబెట్టి, ఫరీదాబాద్ నుంచి మా అక్క కొడుకు నవదీప్ వచ్చేదాకా ఎవరూ పైకి పంపలేదు. నవదీప్ వచ్చాడు, సంతకాలు పెట్టాడు, నా చెయ్యి పట్టుకున్నాడు, మంచివాడే. తర్వాత మెల్లగా అడిగాడు: "మామయ్యా, మీకేమైనా అయితే ఆ రూమ్మేట్ అంకుల్ కహాఁ షిఫ్ట్ హోంగే?" ఎక్కడికి మారతాడని వాడి అనుమానం.

పెళ్లాం పిల్లలు లేరు, అక్క పోయింది. నేను ఏమీ రాయకుండా పోతే ఈ ఇల్లు చట్టప్రకారం నవదీప్‌ది. డెబ్భై నాలుగేళ్ల సదాశివరావు తన మంచం ఏ గోడకు వేసుకోవాలో ఇంకొకరిని అడగాల్సి వస్తుంది. అది జరక్కూడదు. ఇక అంశాలు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత అడ్వకేట్ ఛాయాదేవిగారిది. నేను చెప్పినదాంట్లో సగం అనవసరమని ఆవిడ ఎర్ర సిరాతో కొట్టేశారు. ఆ సగాన్ని ఎదురింటి పీజీ హాస్టల్లో ఉండి సివిల్స్‌కు చదువుతున్న శ్రీవల్లి మళ్లీ టైపు చేసింది. అనంతపురం పిల్ల. టైపు చేస్తూనే, "ఏంది తాతా ఇది? వీలునామానా, సినిమా రివ్యూనా?" అంది. రెండూ ఒకటే అని చెప్పాను. మనిషి ఏం చూశాడో అదే అతని ఆస్తి.

2. శ్రీవల్లికి నా మడత కుర్చీ, టేబుల్ ల్యాంపు, "వజ్రదుర్గం సేనాపతి" పెద్ద పోస్టరు. ఆ జానపదం నేను ముప్ఫై ఒక్కసార్లు చూశాను. అందులో హీరో హీరోయిన్‌తో పాడేటప్పుడు ఆమెను చూడడు, ఆమె వెనక చెట్టును చూస్తాడు. విలన్‌తో కత్తియుద్ధం వచ్చేసరికి మాత్రం ఎనిమిది నిమిషాలు కళ్లలో కళ్లుపెట్టి, రెప్ప వెయ్యకుండా, చెమటలు కక్కుతూ చూస్తాడు. తెలుగువాళ్లు తీసిన అత్యుత్తమ ప్రేమ సన్నివేశం అదేనని నా నిశ్చితాభిప్రాయం. పదిహేనేళ్ల వయసులో నేలటికెట్లో కూర్చుని ఆ యుద్ధం చూస్తుండగా నా సంగతేమిటో నాకు తెలిసింది. పక్కవాడు ఈలలు వేస్తున్నాడు. నేను వెయ్యలేదు. పరీక్ష పోయిన రోజున శ్రీవల్లి ఈ పోస్టరు ముందు కూర్చోవాలని నా కోరిక. సేనాపతి ఆ యుద్ధంలో ఓడిపోతాడు. ఓడినా ఎంత బాగుంటాడో చూడాలి.

3. తెలుగు సంఘం లైబ్రరీకి నా సీడీలు పదకొండు వందలు. హాలు మూతపడ్డాక వాటిని బేర్ సరాయ్‌లో ఐఏఎస్‌కు చదివే పిల్లలకు అద్దెకిచ్చి బతికాను. నా మూలంగా కలెక్టర్లు కాలేకపోయినవాళ్లు కొందరుంటారు. వాళ్లకు క్షమాపణ. వాటిలో "లాయరు లలితాంబ" రెండు కాపీలున్నాయి, ఒకటే ఇస్తాను, రెండోది నాతో కాల్చాలి. లలితాంబ కోర్టులో నల్లకోటు విదిలించి వెనక్కి తిరిగే తిరుగుడు నేను అద్దం ముందు ఎన్నిసార్లు ప్రాక్టీసు చేశానో సదాశివరావుకు తెలుసు. ఓ రోజు తువ్వాలుతో తిరగబోయి పాలగిన్నె పడేశాను. "అబ్జెక్షన్ సస్టైన్డ్" అని అతనే తుడిచాడు.

4. ఆడంగి వేషమొకటి పెట్టి, వాడి చేత చేతులు తిప్పించి, నడుము ఊపించి, చివర హీరో చేత చెంపదెబ్బ కొట్టించి జనాన్ని నవ్వించిన దర్శకులందరికీ నా ఆస్తిలోంచి ఏమీ లేదు. ప్రతిసారీ హాలంతా నవ్వేది. నేను క్యాబిన్‌లో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి కాబట్టి నవ్వాల్సిన పని తప్పేది. ఆ ఉద్యోగంలో నాకు దొరికిన అతి పెద్ద సౌకర్యం అదే.

5. నవదీప్‌కు నా సోఫా, టీవీ, మా అక్క పెళ్లినాటి ఫోటో. షరతు: ఆ సోఫాలో కూర్చుని ఏ సినిమానూ ఒకటిన్నర స్పీడులో చూడకూడదు. వీడు విషాదాన్ని కూడా ఒకటిన్నర స్పీడులో చూస్తాడు. తల్లి శవం మీద పడి ఏడుస్తున్న కొడుకు గాబరాగా బస్సు ఎక్కబోతున్నట్టుంటాడు. మొన్న నాకోసమని ఫోన్లో ఒక కొత్త సినిమా పెట్టాడు, "మామయ్యా, మీలాంటివాళ్ల మీదే" అని. అలా అన్నాక వాడి చెవులు ఎర్రబడ్డాయి. నా సంగతి వాడికి తెలుసని నాకు, అది నాకు అర్థమైందని వాడికి అప్పుడే తెలిసింది. కెమెరా పనితనం బాగుంది. కానీ ఆ ఇద్దరిలో ఒకడు మంచులో చచ్చిపోయాడు, రెండోవాడు కిటికీ దగ్గర నిలబడిపోయాడు. మాలాంటివాళ్లు తెరమీద బతికి బట్టకట్టరు. పాతరోజుల్లో హీరో కోసం చచ్చేవాళ్లం, ఇప్పుడు అవార్డు కోసం చస్తున్నాం. అయినా నవదీప్ ఆ సినిమా వెతికి పెట్టినందుకు సోఫాతోపాటు కుషన్లు కూడా వాడివే.

6. లింగయ్యకు ఏమీ ఇవ్వడం లేదు. అతను అప్పట్లో తెలుగు సంఘం కార్యదర్శి. కారణం కింద ఉంది.

7. ఇది ముఖ్యమైనది. ఛాయాదేవిగారు ఇక్కడ ఎర్ర సిరా వాడకూడదు.

1982 జూలైలో "రేవులో ఇద్దరు మేస్త్రీలు" అనే చిత్రం ఇక్కడ ఢిల్లీలో మా హాల్లో తెలుగు సంఘం వేసే ఆదివారం ఉదయం ఆటకు వచ్చింది. డబ్బాలు విజయవాడ నుంచి రైల్లో వచ్చేవి. దారిలో వాన పడి డబ్బాల మీద నంబర్లు కొట్టుకుపోయాయి. కథ ఇది: రేవులో పడవలు కట్టే ఇద్దరు స్నేహితులు. పన్నెండో రీల్లో ఒకే సైకిలు మీద డబుల్స్ వెళ్తూ పాడతారు. పదమూడో రీల్లో హీరో మీదికొచ్చిన తూటాకు స్నేహితుడు అడ్డుపడి చచ్చిపోతాడు. పద్నాలుగులో హీరో పెళ్లి. నేను ముందు పదమూడు ఎక్కించి, తర్వాత పన్నెండు ఎక్కించాను. స్నేహితుడు చచ్చాడు, హాలంతా ముక్కులు చీదింది, మరుక్షణం వాడే సైకిలు తొక్కుతూ వచ్చాడు, వెనక హీరో. వెంటనే పెళ్లి, శుభం. పెళ్లిలో స్నేహితుడు కనపడడు గానీ, కొబ్బరిబోండాలు తేవడానికి వెళ్లి ఉంటాడనుకోవచ్చు.

లింగయ్య మెట్లెక్కి వచ్చి క్యాబిన్ తలుపు బాదాడు. "అంకయ్యా! సచ్చినోడు సైకిలెట్ల తొక్కుతడయ్యా? జర నీకన్న సోయి ఉన్నదా?" సోయి అంటే వాళ్ల వైపు స్పృహ. ఆ మాటను తర్వాత నలభై ఏళ్లు ప్రతి ఉగాది సభలోనూ చెప్పి నవ్వించాడు. అందుకే ఆరో అంశం.

అతను దిగిపోయాక ఇంకొకాయన వచ్చాడు. మంత్రిత్వశాఖలో గుమాస్తా, ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. గుమ్మంలోనే నిలబడి, "ఏమండీ, మళ్లీ వేస్తే ఇదే వరసలో వేస్తారా?" అని అడిగాడు. ఎందుకన్నాను. "ఈ వరసలో అతను బతికే ఉన్నాడు కదండీ" అన్నాడు. ఆయనే సదాశివరావు. కావాలనే అలా వేశానని చెప్పాను. ఇప్పటికీ అదే నమ్ముతున్నాడు. నేనేదో ధైర్యవంతుణ్ణని, ఆ రోజుల్లోనే సినిమా వాళ్లమీద తిరగబడ్డానని మా ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు.

అది అబద్ధం. నీతో నేను ఆడిన ఒకే ఒక్క పెద్ద అబద్ధం. నాకు నంబర్లు కనపడలేదు, తోచినట్టు ఎక్కించేశాను, అంతే. లింగయ్య తిట్టింది న్యాయమే. అయితే తర్వాతి ఆదివారం రావాల్సిన డబ్బాలు రాక అదే బొమ్మ మళ్లీ వేశారు. ఆ వారమంతా కూర్చుని నంబర్లు సరిచూసుకుని, ఏది ఏమిటో పూర్తిగా తెలిసి, ముందు పదమూడు, తర్వాత పన్నెండు ఎక్కించాను. నువ్వు నాలుగో వరసలో కూర్చున్నావు. లింగయ్య నా జీతం కోయించాడు. మొదటి ఆదివారం పొరపాటు, సదాశివా. రెండోది కాదు.

హాలు మూసేనాడు పాత కాపీలను తుక్కువాడు పట్టుకుపోతుంటే ఆ రెండు రీళ్లూ దాచాను. మంచం కింద ట్రంకు పెట్టెలో ఉన్నాయి. అవి సదాశివరావుకు. నా పదమూడో రోజున నవదీప్ వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి అందరికీ చూపించాలి. నా వరసలోనే. మామూలు స్పీడులోనే.

8. నా స్వార్జితమైన ఈ ఇల్లు, మిగిలిన సామాన్లతో సహా, పూర్తి హక్కులతో సదాశివరావుకు రాస్తున్నాను. ఎక్కడికీ షిఫ్ట్ అవడు.

ఇక్కడ బంధుత్వం రాయాలన్నారు. "చిరకాల మిత్రుడు అని పెడదామండీ" అన్నారు ఛాయాదేవిగారు. ఒప్పుకోలేదు. మిత్రుడని రాస్తే పదమూడో రీల్లో చంపేస్తారు. ఆసుపత్రిలో బెంచీ మీద కూర్చోబెట్టిందీ ఆ మాటే. సదాశివరావును అడిగితే, "ఏదో ఒకటి రాయవోయ్, ఈ వయసులో నన్ను రచ్చకెక్కించకు" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది. మా ఊళ్లో ఆడవాళ్లు ఇంట్లో మనిషి గురించి పేరు పెట్టకుండా చెప్పుకునే మాట ఒకటుంది. చట్టంలో ఆ మాట లేదని ఛాయాదేవిగారు చెప్పారు. ఉండకపోవచ్చు. రాయండి: సదాశివరావు, వయస్సు డెబ్భై నాలుగు, మా ఆయన.

9. చివరగా సాక్షులు. 1983లో మా మొదటి అద్దె కాగితం, తర్వాత నా గ్యాసు కనెక్షన్, బ్యాంకు ఖాతా, ఈ ఇంటి రిజిస్ట్రేషన్, అన్నిట్లోనూ సాక్షి సంతకం సదాశివరావుదే. నా పేరు పక్కన అతని పేరు ఉండడానికి మాకు దొరికిన చోటు అదొక్కటే. ఇవాళ కూడా అలవాటుగా కళ్లజోడు తుడుచుకుని, పెన్ను తీసుకుని వచ్చాడు. "మీరు పెట్టకూడదండీ, ఆస్తి మీకే వస్తోంది కదా" అన్నారు ఛాయాదేవిగారు. పెన్నుకు మూత పెట్టాడు. తర్వాత వంటింట్లోకి వెళ్లి అందరికీ టీ పెట్టాడు. నాలుగు కప్పుల్లోనూ పంచదార మర్చిపోయాడు.

సాక్షులుగా, నా ఆస్తిలోంచి పూచికపుల్ల కూడా అందనివాళ్లు కావాలి. లింగయ్య కంటే అర్హుడు ఎవరు? కర్ర పొడుచుకుంటూ మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు. ఏడో అంశం చదివించుకుని, "మొత్తానికి రెండోసారి సోయిలోనే ఉన్నవన్నమాట" అన్నాడు. పంచదార లేని టీ మొత్తం తాగాడు.

ఇది నేను ఇష్టపూర్వకంగా, నా ఎదుటే చదివించుకుని, సరిపోయిందని ఒప్పుకుని చేసిన సంతకం.

లక్ష్మీ నగర్, ఢిల్లీ
24 ఆగస్టు 2025, ఆదివారం, ఉదయం ఆట వేళ

(సంతకం) పొదిలి అంకయ్య

సాక్షులు:
1. లింగయ్య, తెలుగు సంఘం మాజీ కార్యదర్శి
2. అన్నపూర్ణేశ్వరి, కింది అంతస్తులో ఆంధ్రా మెస్సు యజమానురాలు

సాక్షి కానివాడు: సదాశివరావు