స్ఫోటకం మచ్చలు, సర్కారు నౌకరీ

1949 జనవరి 9, ఆదివారం

మా అన్న ఇచ్చిన డైరీ ఇది. ఎవరూ చదవరు కాబట్టి మొదటి రోజే తప్పు పని చేస్తున్నాను. మా ఆయన పేరు రామచంద్రం. పలకకూడదన్నారు గానీ రాయకూడదని ఎవరూ అనలేదు.

నిన్న పట్నంలో బట్టల దుకాణం వాళ్లు కూడా ఆయనను నౌకరీకి వద్దన్నారు. ఇది మూడోది. ఉర్దూ మిడిల్ పాసయ్యాడు. ఇంత మంచి దస్తూరీ మాదాపూర్ మొత్తంలో ఇంకొకరికి లేదు. సేటు అన్నీ మెచ్చుకుని, గిరాకీ వచ్చి బట్ట చూడాలె గని నీ మొఖం చూస్తే ఎట్ల నాయినా, అన్నాడట. వాడి బట్టలకు చెదలు పట్ట!

ఆయనకు ఆరో ఏట అమ్మవారు పోసింది. వాళ్ల అన్న పోయాడు, ఈయన మిగిలాడు. ముఖమంతా గుంతలు. పెళ్లిలో తెర తీయగానే నాకూ గుండె జారింది, అబద్ధమెందుకు? నెల తిరక్కుండానే మరిచిపోయాను. ఇప్పుడు నున్నటి ముఖాలు చూస్తేనే ఏదో తక్కువైనట్టు ఉంటుంది.

జనవరి 31, సోమవారం

టీకాలు వేసే నౌకరీకి ఇంటర్వ్యూ. ఇదీ రాకపోతే మామయ్యతో పాటు గుట్ట మీద రాళ్లు కొట్టడానికి పోతానన్నాడు. ఆ దస్తూరీ ఉన్న చేత్తో సుత్తె!

డాక్టర్ సాబ్ ఒకరు పది ప్రశ్నలు అడిగారట. అన్నిటికీ జవాబు చెప్పాడు. పక్కనున్న ఆఫీసర్ ఒక్కటీ అడగలేదు. చివర్లో మాత్రం, నిన్ను చూస్తే పిల్లలు జడుసుకోరా, అన్నాడట. ఫలితం మార్చిలో చెబుతారు.

వస్తూ దారిలో ఎల్లేశాన్ని కలిశాడు. చిన్ననాటి దోస్తు, ఒక దవాఖానలో కాంపౌండర్. వాళ్ల దగ్గరికి కొత్త డాక్టర్ వచ్చాడట. ముఖం మీద తోలు రుద్ది తీసేస్తాడట, నెల తిరిగేసరికి కొత్త తోలు వస్తుందట. ఆపరేషన్ ఊరికే చేస్తారట. ఎందుకు ఊరికే అని అడిగాను. ఆ డాక్టర్ ఇంకా నేర్చుకుంటున్నాడట!

నా మొగుడి ముఖం మీదనా నేర్చుకునేది?

ఫిబ్రవరి 6

ఇరవై ఎనిమిదో తారీఖున ఆపరేషన్‌కు రమ్మన్నారు. ఇంటావిడ సంతకం కావాలని కాగితం తెచ్చాడు. జొన్నపిండి డబ్బాలో దాచేశాను. కనబడలేదని చెప్పాను.

ఫిబ్రవరి 8

పొద్దున అద్దం ముందు నిలబడి, ఒక చెంపను అరచేత్తో కప్పుకుని చూసుకుంటున్నాడు. నేను చూశానని తెలిసి, ఊకెనే, అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

కాగితం తీసి దులిపి సంతకం పెట్టాను. ముఖం ఆయనది. దాంతో బజార్లో తిరగాల్సింది ఆయన.

ఫిబ్రవరి 23, బుధవారం

నిజాంపేటలో స్ఫోటకం లేచింది. మన ఊరికి టీకాల ఇన్‌స్పెక్టర్ వచ్చారు, వెంకటనారాయణ గారు, బెజవాడ మనిషి. ఎంత అందగాడో! తెల్లటి ఒళ్లు, నల్లటి క్రాపు, ఇస్త్రీ చొక్కా. ప్రతి గడప దగ్గరా, అమ్మా తలుపు తీయండి, చీమ కుట్టినట్టుంటుందండి, అంటున్నారు. ఒక్క తలుపు తెరుచుకుంటే ఒట్టు. కిష్టమ్మ ఇద్దరు పిల్లల్నీ ధాన్యం గరిసెలో దాచి మూత మీద తను కూర్చుంది. సూది పెడితే అమ్మవారికి కోపమొస్తుందని అందరి భయం. మూడు రోజులైంది, ఒక్క చెయ్యి దొరకలేదు.

అందం అంత పనికొచ్చేదైతే ఈ ఇన్‌స్పెక్టర్ గారికి ఈపాటికి ఊరంతా చేతులు చాపాలి కదా.

ఫిబ్రవరి 25, శుక్రవారం

 ఇవాళ్టిదంతా రాస్తాను.

ఇన్‌స్పెక్టర్ గారు ఈయనను తోడు అడిగారు. ఊరివాడివి కదా, కాస్త పిలువు, అన్నారు, అంతే. ఈయన పోచమ్మ గుడి ముందు నిలబడి పిలిచాడు. గుడి చూసుకునే సత్తెమ్మ బయటికొచ్చింది. ఆమె మాటే ఇక్కడ అందరి మాట. సూది సంగతి అడగలేదు. దగ్గరికొచ్చి పసుపంటిన రెండు చేతులతో ఆయన చెంపలు తడిమింది, గుడ్డివాళ్లు తడిమినట్టు. నిన్ను అమ్మ ముట్టి ఇడిసిపెట్టింది బిడ్డా, ఆమెకు నువ్వు ఎరుకే, నీ చేత్తోని అయితే ఆమెకు కోపం రాదు, అంది.

ఇన్‌స్పెక్టర్ గారు వెంటనే టీకాల పెట్టె తెరిచారు.

మళ్లీ పేచీ. టీకా గీసిన చోట పసుపు, వేపాకు నూరి పెట్టాలంది సత్తెమ్మ. పెడితే మందు చస్తుందండి బాబూ, అని ఇన్‌స్పెక్టర్ గారు. ఇద్దరూ దిగిరాలేదు. అప్పుడు మా ఆయన, ఎడమ చేతికి టీకా, కుడి చేతికి పసుపు, అమ్మకూ సర్కారుకూ చెరొకటి, అన్నాడు. సరే తియ్, అంది సత్తెమ్మ.

ముందు కిష్టమ్మ గరిసె మూత తీసింది. ఇన్‌స్పెక్టర్ గారు పక్కన నిలబడి చూపిస్తుంటే, పొద్దు గుంకేదాకా ఈయనే టీకాలు గీశాడు. పిల్లలెవరూ ఈయన్ని చూసి జడుసుకోలేదు. సూదిని చూసి ఏడ్చారు, ఏడ్చి ఈయన భుజం మీదే ముక్కు తుడుచుకున్నారు.

ఇంటికొచ్చి కాళ్లు చేతులు కడుక్కున్నాడు. చెంపకు అంటిన పసుపు మాత్రం కడుక్కోలేదు.

ఫిబ్రవరి 28, సోమవారం

దవాఖానకు పోయే రైలు తప్పిందట. గంట ముందే స్టేషన్లో కూర్చునే మనిషికి. 

మార్చి 12, శనివారం

నౌకరీ వచ్చింది! నౌకరీ వచ్చింది! వెంకటనారాయణ గారు ఇంటర్వ్యూ చేసిన డాక్టర్ సాబ్‌కు అంతా రాశారట. ఆ ఆఫీసర్ మాత్రం ఇప్పటికీ, ఆ మొఖం చూస్తే పిల్లలు జడుసుకుంటరని నేను ముందే చెప్పిన, అంటున్నాడట. అననీ! శేరిలింగంపల్లి చుట్టుపక్కల ఊళ్లన్నీ ఈయనకే.

సత్తెమ్మకు చెప్పొచ్చాను. నాకెప్పుడో ఎరుకే, అంది. నేనామె కాళ్లకు మొక్కాను.

మార్చి 13

నౌకరీ ఫారం నింపుతున్నాం. ఒంటి మీద గుర్తులు రాయాలట. ఎన్నున్నయో లెక్కపెట్టు, అని ముఖం నా ముందు పెట్టి కూర్చున్నాడు. వేలితో ఒక్కొక్కటీ ముట్టుకుంటూ నూట పన్నెండు దాకా వచ్చాను. ఆయన నవ్వాడు. లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి.