మావారు గారు బుధవారం ఎందుకు రాలేదు?

బరువు చికిత్సా కేంద్రం వారికి,
నమస్కారం.

బుధవారం ఉదయం నా భార్య మామూలుగానే లేచింది. కాఫీ పెట్టింది. నా నీలం చొక్కాకి పొట్ట దగ్గర ఊడిన గుండీని నాలుగు పేటల దారంతో కుట్టింది. "సాయంత్రం ఇది తొడుక్కుని నాతో ఒక చోటికి రావాలి" అంది. ఎక్కడికని అడిగాను. "చెబితే రారుగా" అంది. పదకొండింటికి గుండెలో పట్టేసినట్టుందని కుర్చీలో కూలబడింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. సాయంత్రం నాలుగింటికి పోయింది.

"మావారు గారు బుధవారం ఎందుకు రాలేదు?" అని మీరు మా ఇంటికి రాసిన ఉత్తరానికి ఇదే జవాబు. మీ దగ్గర పేరు రాయించుకున్నవాళ్లను మీరు "మావారు" అనుకుంటారు కాబోలు. ఆప్యాయంగానే ఉంది. ఆమె ఇక రాదు.

ఇట్లు,
ఆమె భర్త

తా.క. "వారు"లోనే గౌరవం ఉంది. పక్కన మళ్లీ "గారు" అక్కర్లేదు. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను.

•

గౌరవనీయులైన మావారు గారి భర్తగారికి,
నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మావారు గారు పెద్దాసుపత్రికి వెళ్లారని చదివి మొదట కొంచెం నొచ్చుకున్న మాట నిజం. మా తూకం యంత్రం ఒక్కసారైనా ఎక్కకుండానే అక్కడికి వెళ్లడమేమిటండీ? కానీ ఒక్క పూటలోనే పోయిందని రాశారు! నేనైతే ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను. ఎంత పోయిందో మాత్రం రాయలేదు. ఫోనులో చెప్పిన ప్రకారం మా రికార్డులో నూట పన్నెండు ఉంది. దయచేసి కిలోల్లో తెలపండి.

ఒక్క హెచ్చరిక. త్వరగా పోయింది త్వరగా తిరిగొస్తుంది. పోయిన బరువును ఒళ్లే వెతుక్కుంటుందట. ఆకలి పెంచుతుంది, ఒంట్లో శక్తి ఖర్చు తగ్గిస్తుంది. అది మనిషి తప్పు కాదు. కాబట్టి మళ్లీ వచ్చిందని ఆవిడను దెప్పకండి.

ఇట్లు,
రిసెప్షన్

తా.క. మా కరపత్రం జత చేశాను, గోడకి అంటించుకోండి. "గారు" తీసేద్దామని చూశాను కానీ చెయ్యి రాలేదండీ.

•

రిసెప్షన్‌లోని అమ్మాయికి,

"పోయింది" అంటే చనిపోయింది అని. కిలోల్లో చెప్పాలంటే, మొత్తం పోయింది. తిరిగి రాదు.

నూట పన్నెండు ఆమెది కాదు. ఆమె సన్నం. బస్సులో ఇద్దరి సీటులో కూర్చుంటే అంచు పట్టుకుని వేలాడేది. "ఒకటిన్నర మీకు, అర నాకు. పంపకం బానే ఉంది" అనేది. మీ రికార్డులో ఉన్నది వేరే మనిషి. వెతికి ఆ మనిషికి రాయండి. పాపం, అవసరంలో ఉండి ఉండవచ్చు.

ఇట్లు,
ఆమె భర్త

తా.క. మీ కరపత్రంలో "ఊబకాయం సోమరితనం కాదు" అని ఉండాల్సిన చోట "ఊబకాయం సోమరితనం కదూ" అని పడింది. దీర్ఘం ఒక అక్షరం పక్కకి జరిగింది. దిద్ది తిప్పి పంపుతున్నాను. అది చదివి ఎందరు గుమ్మంలోంచే వెనక్కి వెళ్లారో.

•

అయ్యా,

ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియడం లేదు. క్షమించండి. మీరన్నట్టే వెతికాను. వేరే మనిషి దొరికారు.

మీ ఆవిడ మాకు ఫోను చేసిన రోజు ఎత్తింది నేనే. పేరు అడిగితే ఆవిడ కాసేపు తటపటాయించి "మావారు" అన్నారు. నేను అప్పుడే చేరాను. ఇంటిపేరనుకుని రాసేసుకున్నాను. నాకింకా పెళ్లి కాలేదు కదండీ, ఆ మాట అలవాటు లేదు.

ఏమిటి ఇబ్బంది అని అడిగితే, "నిద్రలో గురక మధ్య ఊపిరి ఆగిపోతుందమ్మా. భుజం తడితే మళ్లీ తీసుకుంటారు. నేను పక్కనున్నాను కాబట్టి సరిపోతోంది" అన్నారు.

ఇదంతా ఇవాళ డాక్టరమ్మగారికి చెప్పాను. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మరి ఇప్పుడు తట్టేదెవరు?" అన్నారు. అది ఎక్కువగా బరువు వల్ల వచ్చే జబ్బేనట. నిద్రలో గాలి అందించే మాస్కు ఉందట. ఆకలికి మందులున్నాయట. తిండీ నడకా మెల్లగా సర్దుతారట. భయపడొద్దు, ఆలస్యమూ చేయొద్దు అన్నారు.

ఇట్లు,
రిసెప్షన్

తా.క. ఆ రోజు ఫోను పెట్టేసే ముందు మీ ఆవిడ ఇంకో మాట అన్నారు. "వచ్చాక ఆయన్ని తిట్టకండేం. తిడితే తిన్నగా వంటింట్లోకి పోతారు." కరపత్రాలన్నిటిలో దీర్ఘం జరుపుతున్నాను. పేరు దగ్గర ఏం రాయమంటారు?

•

అమ్మా,

డాక్టరు గారి ప్రశ్నకు జవాబు: ఎవరూ లేరు. ఈమధ్య నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నాను. దుఃఖమనుకున్నాను.

మీ మొదటి ఉత్తరంలో తప్పు వెతికాను, దొరికింది. ఉత్తరం ఎవరి గురించి వచ్చిందో మాత్రం చూసుకోలేదు. చొక్కా ఎందుకు కుట్టిందో కూడా ఇవాళే తెలిసింది.

పేరు దిద్దవద్దు. నన్ను అలా చెప్పుకునే మనిషి ఒక్కతే ఉండేది. ఇప్పుడు ఆ మాట మీ రికార్డులో తప్ప ఎక్కడా లేదు. "గారు" మాత్రం కొట్టేయండి.

ఇట్లు,
మావారు

తా.క. ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. గుండీ గట్టిగానే ఉంది. రేపు ఉదయం నీలం చొక్కా తొడుక్కుని నేనే తెచ్చి మీ చేతికిస్తాను. హాల్లో మీరు ఆ పేరు పిలవగానే లేచి వచ్చి తూకం ఎక్కుతాను.