చూడటానికి మాత్రమే

జూన్ 2, 2005
వేట నిషేధం అయిపోయింది. బోట్లన్నీ వెళ్ళిపోయాయి, ఫిషింగ్ హార్బర్ ఖాళీ చేసిన ఇల్లులా ఉంది. బోటు యజమానుల ఆఫీసులో నేను పెట్టిన కంప్యూటర్... లోపల క్లర్కు అప్పలరాజు బోట్ల రాకపోకలు రాస్తాడు. బయట కిటికీ దగ్గర జనానికి ఇంకో స్క్రీన్ — వేటకెళ్ళిన బోటు ఎరుపు, తిరిగొచ్చింది పచ్చ. నిన్న ఎవరి చెయ్యో తగిలి ఒక బోటు పేరే చెరిగిపోయింది.
అప్పలరాజు: "బయటోళ్లకి సూడ్డమే ఉండాల మేడమ్. రాత నాకొక్కడికే."

జూన్ 3
ఒకే డిస్కు, రెండు మౌంట్లు — ఒకే గదికి రెండు తలుపులన్నమాట. బయటి తలుపుకి రీడ్-ఓన్లీ తాళం వేశాను, చూడనిస్తుంది, రాయనివ్వదు. ఎన్ని కీలు నొక్కినా ఏమీ చెరగలేదు. బోట్లన్నీ సముద్రంలో, రాయాల్సిందేమీ లేదు. లోపలివైపు చూడలేదు.
మధ్యాహ్నం కునుకు. కలలో సముద్రానికి అద్దం బిగిస్తున్నాను... అలలు అవతల, మేం ఇవతల.

జూన్ 6
నూకాలమ్మ. రోజూ వస్తుంది, వాళ్ళాయన బోటు రంగు చూసుకుని పోతుంది. చదువు రాదు, తన వరస ఎక్కడో తెలుసు. అడిగితే చెప్తాం కదా అన్నాను.
"ఎప్పుడొత్తాడని అడక్కూడదమ్మా. సూసుకోడమే."
ఎంత బాగుందో. అడగకుండా చూడటం... ఆ కిటికీ నాదేనని కాస్త గర్వం కూడా.

జూన్ 9
సిగ్గుగా ఉంది. ఈదురుగాలికి బోట్లు తొందరగా వచ్చేశాయి. కిటికీలో మాత్రం అన్నీ ఎరుపే. అప్పలరాజు తల పట్టుకున్నాడు — "ఇటేపు కూడా రాయనివ్వట్లేదు." తలుపుకి వేశాననుకున్న తాళం గదికే పడింది. కంప్యూటర్‌ని లోపల్నుంచి నడిపే ఈ కెర్నల్ ఆ తాళాన్ని మౌంటుకి కాదు, డిస్కుకే వేస్తుంది.
నూకాలమ్మ కిటికీ కింద కూలబడిపోయింది. వచ్చేశాడు, జెట్టీ మీదున్నాడు అన్నాను. నమ్మలేదు. ఎరుపునే చూస్తోంది. చివరికి ఆయనే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చొక్కా పట్టుకుని ఏడ్చింది. తర్వాత నావైపు చూసింది.

జూన్ 10
తాళం తీసేశాను. బోట్లు పచ్చబడ్డాయి. నూకాలమ్మ రాలేదు.

జూన్ 21
ద్వారకా నగర్‌లో నేను చెప్పే కంప్యూటర్ క్లాసులయ్యాక కెర్నల్ కోడ్‌ని సరిదిద్దడమే లోకం. ఏ మౌంటు తాళం ఆ మౌంటుకే ఉండాలి. రాసే ప్రతిచోటా ముందు అడగాలి — ఏ తలుపులోంచి వచ్చావు? ఎన్ని చోట్లో... ఒక్కటి వదిలినా అంతే. అన్నం తింటున్నా తలుపులే కనిపిస్తున్నాయి.

జూలై 4
పనిచేసింది. లోపల రాత, బయట చూపు. ఈసారి రెండువైపులా చూశాను. అప్పలరాజు టీ తెప్పించాడు.

జూలై 12
వాయుగుండం. బోట్లన్నీ వచ్చేశాయి. ఒక్కటే ఎరుపు.
నూకాలమ్మ వచ్చింది. తడి చీర, ముఖంలో ఏదో ఆశ.
"ఆరోజునాగే ఇది ఆగిపోనాదేమో సూడమ్మా."
కూర్చున్నాను. లోపలి నుంచి రాశాను, పడింది. బయటి నుంచి రాయబోయాను, పడలేదు. అంతా సరిగ్గానే ఉంది. మళ్ళీ చూశాను. ఎక్కడైనా ఒక్క తప్పు దొరికితే బాగుండును... ఆమె కిటికీ చువ్వ పట్టుకుని నా ముఖమే చూస్తోంది. నేనింకా స్క్రీన్ మీంచి తల ఎత్తలేదు.